ఇంటి కాపలా పెట్టె – దాని తాళంచెవి

రాజుపాలెం మండలంలోని పల్లెల్లో ఇప్పుడు కొత్త మిద్దె కట్టేవారు కరెంటు తీగలతోపాటే కెమెరా తీగలకూ గోడల్లో గొట్టాలు వేయిస్తున్నారు. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. మన కడప జిల్లాలో ఎన్నో ఇళ్ళనుండి మగవారు కువైట్‌కో, సౌదీకో, ఖతర్‌కో బతుకుతెరువుకు వెళ్ళారు. ఇంట్లో మిగిలేది వృద్ధులు, స్త్రీలు, పసిపిల్లలు. ఆసుపత్రి పని మీదనో, పెళ్ళి బట్టలకోసమో ప్రొద్దుటూరుకు వెళ్తే సాయంత్రం వరకు ఇంటికి తాళమే. అటువంటి ఇంటికి కాపలా కావాలనుకోవడం సహజం.

మదర్సాలో పాఠాలు చెప్పుకునే మాబోటివారి దగ్గరకు ఇదివరకు జకాతు గురించి, వారసత్వపు వాటాల గురించి అడగడానికి వచ్చేవారు. ఇప్పుడు “హజ్రత్, ఇంట్లో కెమెరాలు పెట్టించుకోవచ్చా?” అని కూడా అడుగుతున్నారు. అందరూ కెమెరా గురించే అడుగుతారు గాని, కెమెరా చూసినదాన్ని దాచిపెట్టే పెట్టె గురించి అడిగేవారు తక్కువ. కెమెరా కేవలం కన్ను. జ్ఞాపకం ఆ పెట్టెది. ఎన్ని రోజులు గుర్తుంచుకోవాలి, ఎవరికి చూపాలి, ఎవరికి చూపకూడదు అన్నవన్నీ ఆ పెట్టెలోనే నిర్ణయమవుతాయి. దానినే నెట్‌వర్క్ వీడియో రికార్డరు అంటారు. అంగళ్ళలో ఎన్‌వీఆర్ అని పిలుస్తారు. ఆ పెట్టెను ఎన్నుకునే బాధ్యత ఇటీవల మా కుటుంబంలోనే మాపై పడింది. అందులో మేము తెలుసుకున్నది నలుగురికీ పనికివస్తుందన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

రెండు భయాలు

మా తమ్ముడి కుమారుడు కువైట్‌లో పని చేస్తున్నాడు. రెండేళ్ళకొకసారి సెలవు దొరుకుతుంది. ఇంట్లో మా తమ్ముడు, మరదలు, కోడలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉంటారు. తమ్ముడికి చాలాకాలంగా చక్కెర వ్యాధి, కంటిచూపు తగ్గింది. అదే వీధిలో ఒక ఇంట దొంగలు పడ్డారన్న వార్త విన్ననాటినుండి అబ్బాయికి నిద్ర లేదు. ఎనిమిది కెమెరాలకు సరిపడా డబ్బు పంపి, ఎక్కడెక్కడ బిగించాలో కాగితం మీద గీసి, ఆ బొమ్మను ఫోనులో మాకు పంపాడు. గేటు, పెరటి వాకిలి, పశువుల కొట్టం, మిద్దెమెట్లు, మిద్దె పైభాగం, హాలు, వంటింటి ముందున్న వరండా, తండ్రి పడుకునే గది. “బడే అబ్బా, మీరే దగ్గరుండి పెట్టించాలి. ఆలస్యం చేయకండి” అన్నాడు.

కోడలు మాతో నేరుగా ఏమీ అనలేదు. మా ఇంటావిడతో మాత్రం ఒక్క మాట అన్నదట: “హాల్లో, వరండాలో కెమెరా ఉంటే, స్నానం చేసి తల ఆరబెట్టుకోవడానికి నాకు చోటెక్కడ?”

ఆ ప్రశ్న మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. అబ్బాయి భయం నిజమైనది. ఆ పిల్ల భయమూ నిజమైనదే. ఆస్తిని కాపాడడం ఎంత అవసరమో, ఇంటివారి మర్యాదను కాపాడడం అంతే అవసరమని మన ధర్మవేత్తలు షరీఅత్ ఉద్దేశాలను వివరిస్తూ చెప్పారు. ఒకదానికోసం రెండోదాన్ని పోగొట్టుకుంటే దానిని కాపలా అనలేము.

చూపుకు అనుమతి

జాగ్రత్త పడడం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదు. ఒంటెను కట్టిన తరువాతే దైవంపై భారం వేయమని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి చెప్పిన విషయం తిర్మిజీ గ్రంథంలో ఉంది. అందువల్ల గేటుకు తాళం వేయడం ఎటువంటిదో, గేటుపై కెమెరా పెట్టడం అటువంటిదే. చిక్కు గేటు దగ్గర లేదు, గడప దాటిన తరువాత ఉంది.

దివ్యఖుర్ఆన్ సూరా నూర్ 27వ ఆయతు ఇతరుల ఇళ్ళలోకి అనుమతి తీసుకోకుండా, సలాం చెప్పకుండా వెళ్ళవద్దని ఆదేశిస్తుంది. అదే సూరా 58వ ఆయతు ఇంకా లోతుకు వెళ్ళి, ఇంట్లోనే తిరిగే పనివారు, పసిపిల్లలు సైతం మూడు వేళల్లో అనుమతి లేనిదే పెద్దల గదుల్లోకి రాకూడదంటుంది. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించి విశ్రమించే వేళ, ఇషా నమాజు తరువాత. కెమెరాకు ఈ మూడు వేళలూ తెలియవు. సూరా హుజురాత్ 12వ ఆయతు ఒకరి రహస్యాలను మరొకరు ఆరా తీయడాన్ని వారిస్తుంది.

ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వారి గదిలోకి సందులోంచి తొంగిచూసిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. అనుమతి తీసుకోవాలన్న నియమం ఏర్పడిందే చూపు కారణంగా అని ఆ సందర్భంలో ప్రవక్త (స) తెలియజేశారు. ముఅత్తా ఇమామ్ మాలిక్‌లోని మరొక ఉల్లేఖనంలో, తల్లితో ఒకే ఇంట్లో ఉండే కుమారుడు కూడా ఆమె దగ్గరకు వెళ్ళేముందు అనుమతి అడగాలా అని ఒకరు ప్రశ్నిస్తారు. అడగాలన్నదే సమాధానం. తల్లి దగ్గరకు వెళ్ళడానికే అనుమతి కావలసినప్పుడు, తల్లి, భార్య, ఇంటికి వచ్చే చుట్టుపక్కల ఆడవారు అందరూ తిరిగే చోట రాత్రింబవళ్ళు మూయని కన్నును పెట్టేముందు వారినెవరినీ అడగకపోవడం ఎలా న్యాయమవుతుంది?

మన దేశపు న్యాయస్థానాలూ ఈ దారిలోనే నడుస్తున్నాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో పుట్టస్వామి వ్యాజ్యంలో తీర్పు ఇచ్చింది. ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ముల వివాదంలో, తోటి నివాసి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపడం అతని గోప్యత హక్కుకు భంగమని కలకత్తా హైకోర్టు 2025లో తేల్చింది. సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

కువైట్‌కు ఫోను

మేము అబ్బాయితో ఫోనులో మాట్లాడాము. లోపలి కెమెరాలు వద్దన్నప్పుడు అతనికి బాధ కలిగింది.

“నా ఇంటివాళ్ళను నేను చూసుకోవడం తప్పా, బడే అబ్బా?”

“తప్పని మేము అనలేదు నాయనా. నీ గదిలో ఎంతమంది ఉంటారు?”

“ఆరుగురం.”

“నువ్వు ఫోను తెరిచినప్పుడు మిగిలిన అయిదుగురు కళ్ళు మూసుకుంటారా?”

అతను కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అసలు మాట చెప్పాడు: “అబ్బా రాత్రిపూట లేచి పడిపోతే? ఎవరికీ తెలియకపోతే?”

ఇది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. అయితే తండ్రి గదిలో కెమెరా పెట్టినా, రాత్రంతా కువైట్‌లో మేలుకొని దానిని చూసేదెవరు? చూసినా లేపడానికి వచ్చేదెవరు? అతని మంచం ప్రక్కన నొక్కితే మరదలి గదిలో మోగే తీగలేని బెల్లు పెట్టించాము. మరుగుదొడ్డి దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు, గోడకు పట్టుకునే కడ్డీ బిగించాము. కొడుకు చేయవలసింది రోజూ తండ్రితో ఫోనులో మాట్లాడడం. ఆ కబురు కెమెరా ఇవ్వలేదు.

అలాగే హాల్లో కెమెరా లేకపోతే దొంగ దొరకడన్న మాటలోనూ బలం లేదు. లోపలికి వచ్చేవాడు ఏదో ఒక వాకిలి దాటే వస్తాడు. కాబట్టి వాకిళ్ళు చాలు. గేటు, పెరటి వాకిలి, పశువుల కొట్టం, మిద్దెమెట్ల తలుపు – ఈ నాలుగింటికీ ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు. మిద్దె పైభాగాన్ని వదిలేశాము. ఎండాకాలంలో మన ప్రాంతంలో కుటుంబాలు మిద్దెల మీదే పడుకుంటాయి. ప్రక్క మిద్దెకూ మన మిద్దెకూ మధ్య మోకాలెత్తు పిట్టగోడ తప్ప అడ్డముండదు. మన దొంగ భయానికి పొరుగువారి నిద్రను చిత్రించే హక్కు మనకు లేదు. పొరుగువారు ఏ మతంవారైనా ఈ హక్కు వారికి ఉంది.

పెట్టెను ఎన్నుకోవడం

ఈ నిర్ణయాల తరువాతే ప్రొద్దుటూరుకు వెళ్ళాము. అంగళ్ళలో రెండు రకాల పెట్టెలు చూపిస్తారు. డీవీఆర్ అనేది పాత పద్ధతి కెమెరాలకు. కెమెరానుండి గుండ్రటి కేబుల్‌లో వచ్చే సంకేతాన్ని పెట్టె తనలో అంకెలుగా మార్చుకుంటుంది. ఎన్‌వీఆర్‌కు జోడించే ఐపీ కెమెరాలు చిత్రాన్ని తామే అంకెలుగా మార్చి నెట్‌వర్క్ తీగ ద్వారా పంపుతాయి. పెట్టె వాటిని భద్రపరుస్తుంది. ఇంట్లో పాత కెమెరాలు ఇప్పటికే బాగా పనిచేస్తుంటే డీవీఆర్‌తో సరిపెట్టుకోవచ్చు. కొత్తగా పెట్టించేవారికి ఎన్‌వీఆర్ మేలు.

మొదటి ప్రశ్న, ఎన్ని కెమెరాల పెట్టె? నాలుగు, ఎనిమిది, పదహారు చానళ్ళవి దొరుకుతాయి. మరో రెండు కెమెరాలు పెంచుకోవచ్చు గదా అని ఎనిమిదిదే తీసుకోమంటారు. పొలం, గోదాము ఉన్నవారికి ఆ సలహా సబబే. మేము నాలుగు చానళ్ళదే తీసుకున్నాము. అయిదో కన్ను కావాలంటే పెట్టెనే మార్చాలి. పెట్టె మార్చాలంటే ఇంటిల్లిపాదీ మళ్ళీ కూర్చొని మాట్లాడుకోవాలి. ఆ మాత్రం అడ్డు ఉండడం మంచిదనిపించింది.

రెండో ప్రశ్న, ఎన్ని రోజుల జ్ఞాపకం? దీనికి చిన్న లెక్క ఉంది. ఒక కెమెరా సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున పంపితే రోజుకు 10.8 గిగాబైట్ల స్థలం పడుతుంది. హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో ఇంటికి సరిపోయే స్పష్టత కోసం సెకనుకు 2 మెగాబిట్లు అనుకుందాము. కెమెరాకు రోజుకు 21.6, నాలుగింటికి 86.4 గిగాబైట్లు. అంటే ఒక టెరాబైట్ డిస్కులో దాదాపు 11 రోజులు, రెండు టెరాబైట్లలో 23 రోజులు నిలుస్తాయి. పాత హెచ్.264 పద్ధతిలో అదే చిత్రానికి రెట్టింపు వరకు స్థలం పట్టవచ్చు. అందువల్ల కెమెరా, పెట్టె రెండూ హెచ్.265ను ఆదరిస్తాయో లేదో అడగాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయమంటే రోజులు పెరుగుతాయి.

నెల రోజులు తప్పనిసరి గదా అని కొందరంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత చట్టం 2013లో వచ్చింది. ఒకేసారి వందమంది చేరే స్థలాల్లో కెమెరాలు పెట్టి, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలన్నది ఆ చట్టపు నియమం. జామియా మస్జిదు, షాదీఖానా నిర్వాహకులు దానిని తెలుసుకోవాలి. ఇంటికి ఆ నియమం లేదు. మేము రెండు టెరాబైట్ల డిస్కు తీసుకొని, 15 రోజులు దాటినవి వాటంతటవే చెరిగిపోయేలా గడువు పెట్టించాము. ఉమ్రాకు వెళ్ళివచ్చే కుటుంబానికి ఆ గడువు దాదాపు సరిపోతుంది. ఎవరు ఎప్పుడు ఎవరింటికి వచ్చారో నెలల తరబడి దాచిపెట్టుకోవలసిన అవసరం ఏ గృహస్థుకూ లేదు.

డిస్కు విషయంలో పొదుపు పనికిరాదు. మామూలు కంప్యూటరు డిస్కు రోజంతా ఆగకుండా రాయడానికి తయారైనది కాదు. కెమెరాల కోసమే తయారైన రకాలు ఉన్నాయి. వెస్టర్న్ డిజిటల్ వారి పర్పుల్, సీగేట్ వారి స్కైహాక్ ఆ కోవలోవి. పెట్టెతోపాటు ఏ డిస్కు ఇస్తున్నారో బిల్లులో రాయించుకోవాలి.

మూడోది తీగ. పీఓఈ సౌకర్యమున్న పెట్టె అయితే ఒకే నెట్‌వర్క్ తీగ కెమెరాకు కరెంటునూ, కెమెరానుండి చిత్రాన్నీ మోస్తుంది. తీగ నిడివి 100 మీటర్లు దాటకూడదు. పశువుల కొట్టం అంతకంటే దూరముంటే మధ్యలో వేరే పరికరం కావాలి. తీగ పూర్తి రాగిది కావాలి. అల్యూమినియంపై రాగిపూత పూసినది చౌక గాని, దూరం పెరిగితే కరెంటు సరిగ్గా అందదు. ఈ రకం పెట్టెలో మరొక మేలు ఉంది. కెమెరాలను నేరుగా పెట్టె వెనుకనున్న రంధ్రాలకు తగిలిస్తే, చాలా పెట్టెల్లో అవి ఇంటి వైఫైతో కలవకుండా విడిగా ఉంటాయి. బయటి ప్రపంచానికి పెట్టె ఒక్కటే వాకిలి. కాపాడుకోవలసింది ఆ ఒక్క వాకిలినే.

వేర్వేరు సంస్థల కెమెరాలు, పెట్టెలు కలిసి పనిచేయాలంటే ఓఎన్‌వీఐఎఫ్ అనే ఉమ్మడి ప్రమాణం ఉండాలి. 2008లో ఆక్సిస్, బాష్, సోనీ సంస్థలు కలిసి దీనిని ఏర్పరచాయి. ఈ ప్రమాణం ఉంటే రేపు ఒక కెమెరా చెడిపోయినా అదే సంస్థది వెతుక్కోవలసిన పని ఉండదు. ఇక కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 9 నుండి దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలను తప్పనిసరి చేసింది. ఆ ధ్రువీకరణ ఉన్నదా అని అంగడిలో అడగడం మన హక్కు.

మన ఊళ్ళలో కరెంటు పోతూ ఉంటుంది. దొంగకు కావలసింది ఆ చీకటే. నాలుగు కెమెరాలు, పెట్టె కలిసి వాడుకునే కరెంటు ఒక పాత సీలింగు ఫ్యాను వాడేదానికంటే తక్కువే. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దానికి కలిపితే చాలు. పిడుగులు పడే కాలంలో ఆరుబయటి తీగల గుండా దెబ్బ తగలకుండా ఎర్తింగు, సర్జ్ రక్షణ పెట్టించాలి. మే నెల ఎండలకు పెట్టె కాగిపోకుండా గాలి ఆడే చోట ఉంచాలి. టీవీ ప్రక్కన పెడితే దొంగ టీవీతోపాటు దానినీ పట్టుకుపోతాడు. మేము మరదలి గదిలో, జాలీ తలుపున్న చెక్క అరలో పెట్టించి తాళం వేయించాము.

తాళంచెవి ఎవరి చేతిలో?

పెట్టె బిగించేవారు తమకు అలవాటైన సంకేతపదమే పెట్టి వెళ్ళిపోతారు. అందులోనే అసలు ప్రమాదం ఉంది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా మార్చని సంకేతపదాలున్న కెమెరాలను, రికార్డర్లను లక్షల సంఖ్యలో లొంగదీసుకుంది. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల దృశ్యాలు, వైద్యపరీక్షకు వచ్చిన స్త్రీల దృశ్యాలు, ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆ స్త్రీలలో ఒక్కరైనా ఆ కెమెరాకు అనుమతి ఇచ్చి ఉంటారా? దృశ్యాలను కంపెనీ వారి దూరపు యంత్రాల్లో దాచే పద్ధతికీ ప్రమాదముంది. తన ఉద్యోగులను వినియోగదారుల ఇళ్ళలోని దృశ్యాలు చూడనిచ్చిందని రింగ్ అనే కెమెరా సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో అభియోగం మోపింది. ఆ సంస్థ 58 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఇంట్లోనే దాచుకునే పెట్టెను మేము ఎన్నుకోవడానికి ఇదొక కారణం.

బిగించిన కుర్రవాడు వెళ్ళకముందే సంకేతపదాన్ని మార్పించాము. ప్రధాన తాళంచెవి అనదగిన ఆ సంకేతపదాన్ని కోడలికి, మరదలికి అప్పగించాము. ఎవరి మర్యాద ఆ పెట్టెలో ఉందో వారి చేతిలోనే తాళంచెవి ఉండడం న్యాయమని మాకు తోచింది. కువైట్‌లోని అబ్బాయికి వేరే ఖాతా ఇచ్చాము. దానిలో గేటు, పశువుల కొట్టం మాత్రమే కనిపిస్తాయి. పెరటి వాకిలి, మిద్దెమెట్ల దృశ్యాలు రికార్డవుతాయి గాని బయటికి వెళ్ళవు. అవసరమైతే ఇంట్లోవారు తెరిచి చూస్తారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కెమెరా వరకే చూపే ఏర్పాటు చాలా ఎన్‌వీఆర్‌లలో ఉంటుంది. కొనేటప్పుడు అడిగి నడిపించి చూడాలి.

మరి రెండు ఏర్పాట్లు చేయించాము. పెరటి కెమెరాలో ప్రక్కింటి బావిగట్టు కొంత కనబడుతున్నది. ఆ భాగాన్ని తెరపై నల్లగా కప్పివేయించి, ప్రక్కింటి పెద్దను పిలిచి ఆ తెరను ఆయనకే చూపించాము. రెండోది శబ్దం. గేటు కెమెరాలో మైకు ఉంది. సాయంత్రాలు అరుగుపై కూర్చొని ఆడవారు చెప్పుకునే కష్టసుఖాలన్నీ పెట్టెలోకి చేరుతాయి. దొంగను పట్టుకోవడానికి ముఖం చాలు, మాటలు అక్కరలేదు. శబ్దాన్ని ఆపివేయించాము.

ఇంట్లో సొంత అవసరానికి వాడుకునే సమాచారాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన పరిధిలోకి తీసుకోలేదు. ఒక స్త్రీ ఏకాంతాన్ని చిత్రిస్తే భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను కింద శిక్ష ఉంది. ఈ రెండింటి నడుమ ఉన్నదంతా మన అంతరాత్మకే వదిలివేయబడింది. అమానతు అనే మాటకు అర్థం తెలిసినవారికి ఆ బరువు తెలుస్తుంది.

పెట్టె వచ్చిన కొన్నాళ్ళకు వీధిలో ఒకరి మేక తప్పిపోయింది. నలుగురు కుర్రవాళ్ళు వచ్చి, గేటు కెమెరాలో ఆ రోజంతటి దృశ్యాలను ఫోనులోకి ఎక్కించి ఇమ్మన్నారు. కోడలు ఇవ్వలేదు. మేక ఏ వేళకు తప్పిపోయిందో అడిగి, ఆ గంటను తానే చూసి, మేక కాలువ వైపు వెళ్ళిన రెండు నిమిషాలను మాత్రం మేక యజమానికి చూపించింది. కుర్రవాళ్ళకు కోపం వచ్చింది. మేక మాత్రం దొరికింది. వీధిలోని మిగిలిన ఇళ్ళ ఆడవారికి ఆ పెట్టెపై నమ్మకం ఆ రోజే కుదిరిందని మా ఇంటావిడ చెప్పింది.

నిజంగా దొంగతనమే జరిగితే ఏం చేయాలో కూడా చెప్పుకోవాలి. పెట్టె గడియారం సరైన సమయం చూపుతున్నదో లేదో నెలకొకసారి సరిచూడాలి. సమయం తప్పితే సాక్ష్యం బలహీనపడుతుంది. గడువులోగా ఆ భాగాన్ని పెన్‌డ్రైవులోకి తీసి పోలీసులకు అప్పగించాలి. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఇటువంటి రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. పోలీసుస్టేషనులో అడిగితే దాని నమూనా చెబుతారు. అందరూ కలిసి కొన్నాళ్ళు ఊరు వెళ్ళేవారికి మన రాష్ట్ర పోలీసుశాఖ ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరిట తాళం వేసిన ఇళ్ళకు ఉచితంగా కెమెరా పెట్టే ఏర్పాటును ప్రవేశపెట్టింది. పెట్టె కొనే స్థోమత లేనివారు దానిని విచారించుకోవచ్చు.

పాఠకులకు మా విన్నపం ఒక్కటే. పెట్టె కొనడానికి అంగడికి వెళ్ళేముందు ఇంట్లోవారినందరినీ కూర్చోబెట్టండి. ఎక్కడ చూడాలి అన్నదానికంటే ముందు, ఎక్కడ చూడకూడదో ఇంటి ఆడవారిని అడగండి. వారు చెప్పినది రాసుకోండి. ఆ కాగితంతోనే అంగడికి వెళ్ళండి. చానళ్ళు ఎన్ని, రోజులు ఎన్ని, తాళంచెవి ఎవరికి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఆ కాగితంలోనే దొరుకుతుంది.

అల్లాహ్ మన ఇళ్ళను దొంగలనుండి, మన ఇళ్ళలోని వారిని పరాయి చూపులనుండి కాపాడుగాక. దూరదేశాల్లో ఉన్న మన బిడ్డలకు నిశ్చింతను ప్రసాదించుగాక. ఆమీన్.